పట్టపగలే ఊళ్ళోకి

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. నేను మహిళల జైల్లో వార్డర్‌గా చేరి, అక్కడే రిటైరైన మనిషినని తెలిసి, "ఎవరైనా పారిపోయారా మేడమ్? ఎవరైనా మిమ్మల్ని కొట్టారా?" అని అడుగుతారు. ఎవరూ పారిపోలేదు. ఒకావిడ కొట్టింది, సాంబారు గరిటెతో. ఆ మచ్చ చూపిస్తే టీ తాగి సంతోషంగా వెళ్ళిపోతారు. నేను చెప్పాలనుకునేది మాత్రం ఎవరూ అడగరు. అది ఒక విడుదల సంగతి. చెబితే మతం మాట్లాడుతోంది అంటారు. అననివ్వండి. పుట్టినప్పటినుంచీ చర్చికి వెళ్తున్నదాన్ని. ఇన్నేళ్ళు వెళ్ళి అక్కడ నేర్చుకోనిది ఒక ఖైదీ దగ్గర చూశాను, అది దాచిపెట్టుకోవాల్సిన అవసరం నాకేం లేదు.

ఆమెది గుంటూరు వైపు మిరప పండించే ఊరు. ఊరికి ఆనుకుని పల్లె, పల్లెలో చర్చి. వాళ్ళు దాన్ని గుడి అనే అంటారు. కూలికి వెళ్ళే కుటుంబం. భర్త ఎప్పుడో వదిలేసి వెళ్ళిపోయాడు, పిల్లల్లేరు, అన్న ఇంట్లో ఉండేది. ఒక ఏడాది కోతలయ్యాక రైతు కల్లంలో రంగుపోయిన తాలుకాయలు ఏరుతూ, సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు గుప్పెడు ఎండుమిరపకాయలు కొంగున కట్టుకుంది. అందరూ చేసేదే. ఆ రోజు రైతుకి ఏం బుద్ధి పుట్టిందో, ఆమెను పట్టుకున్నాడు. ఆ కాయలే దారానికి గుచ్చించి మెడలో వేసి, కల్లం మధ్యలో నిలబెట్టాడు. మర్నాడు కూడా కూలీలంతా వచ్చేదాకా ఆగి మళ్ళీ నిలబెట్టాడు. ఎవరూ పెద్దగా నవ్వలేదట. అయ్యో అన్నవాళ్ళూ లేరట. సంచులు కుడుతున్న సొంత అన్న తలెత్తలేదు.

ఆ రాత్రి ఆమె వెళ్ళి కల్లంలోని మిరపకాయల రాశికి నిప్పు పెట్టింది.

మిరపకాయ పొగ ఎలా ఉంటుందో ఆ ప్రాంతం వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఊరూ పల్లే దగ్గుకుంటూ రోడ్డు మీదకి వచ్చాయి. కాపలా ఉండే ముసలాయన ఎప్పుడూ కల్లం చివర పాకలో పడుకునేవాడు. ఆ పూట మంచు ఎక్కువగా ఉందని సంచుల సందులో ముడుచుకుని పడుకున్నాడు. ఆయన లేవలేదు. ఆయనది కూడా ఆ పల్లే. ఆమెకి మావ వరస.

పోలీసులు అడగ్గానే ఒప్పుకుంది. శిక్ష పడి మా దగ్గరికి వచ్చింది.

వచ్చిన రోజు నుంచి ఆమె మొహం మేం సరిగ్గా చూడలేదు. కొంగు నెత్తిమీదకి లాక్కుని, గోడకి తిరిగి కూర్చునేది. హాజరు పిలిస్తే తల వంచుకునే "ఉన్నానండి" అనేది. వంటశాలలో తాలింపు వేస్తే, ఎండుమిరపకాయ వేగిన వాసనకి లేచి బయటికి పరిగెత్తేది. నాకంటే పై హోదాలో ఒకావిడ ఉండేది, హెడ్ వార్డర్. మంచి మనిషే, కానీ సర్వీసు ఆమెకి ఒక సామెత నేర్పింది. "తల ఎత్తని ఖైదీయే మంచి ఖైదీ. అట్టాంటోళ్ళు వంద మంది ఉంటే మనం ముగ్గురం చాలు" అనేది. నిజమే. సిగ్గు మాకు సగం పని చేసిపెట్టేది. తాళాలకంటే అదే గట్టిగా పట్టి ఉంచేది. జీతం మాత్రం మేం తీసుకునేవాళ్ళం.

శనివారాలు ఖైదీలతో ప్రార్థన చేయించడానికి ఒక పెద్దావిడ వచ్చేది. ఊరూరా తిరిగి బైబిలు వాక్యం చెప్పే మనిషి. తెల్లచీర, గుడ్డసంచి, మోకాళ్ళ నొప్పులు. కింద కూర్చోలేక ఎత్తు పీట అడిగేది. ఆవిడ పాడితే శ్రుతి ఉండేది కాదు, కానీ మాట సూటిగా ఉండేది. ఒక శనివారం ప్రార్థన అయ్యాక పీట లాక్కుని వెళ్ళి గోడ దగ్గర ఈమె పక్కన కూర్చుంది. నేను డ్యూటీలో అక్కడే నిలబడి ఉన్నాను.

"తల ఎందుకమ్మా దించుకున్నావు?"

"సిగ్గుగా ఉందండి."

"దేనికి? నిప్పు పెట్టినందుకా, వాళ్ళు నీ మెళ్ళో దండ వేసినందుకా?"

ఆమె మెడ తడుముకుంది. తర్వాత, "రెండూ కలిసిపోయినయ్యండి" అంది.

"అయితే విడదీద్దాం. నిప్పు నీది. ఆ మనిషి ప్రాణం నీ చేతిమీదుగా పోయింది. దానికి ఏడువు, క్షమించమని అడుగు, శిక్ష అనుభవించు. దండ నీది కాదు. అది వేసినవాడిది."

"మెళ్ళోంచి పోవట్లేదండి."

పెద్దావిడ మోకాలు రుద్దుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "మన ప్రభువుని సిలువ వేసేముందు ఏం చేశారు? బట్టలు లాగేశారు. ముళ్ళు అల్లి నెత్తిన పెట్టి, రాజుగారని దండాలు పెట్టి నవ్వారు. ఊరంతా చూసింది. ఏ తప్పూ లేని ఆయన్ని అట్టా నిలబెట్టారమ్మా. నువ్వు నిలబడ్డ చోటు ఆయనకి తెలుసు. నీ సిగ్గు కూడా ఆయనే మోశాడు, ఇంక నీ దగ్గరేం మిగల్లేదు. నువ్వే ఊరికే పట్టుకున్నావు."

"ఆయన తల దించుకున్నాడాండి?"

ఆ ప్రశ్నకి పెద్దావిడ కూడా కాస్త ఆలోచించింది. "ప్రాణం విడిచేటప్పుడు దించాడు. అంతకుముందు దించినట్టు లేదు. మళ్ళీ లేచాక గాయాలు దాచుకోలేదు. ఇదిగో చూడండి అని చూపించాడు."

నేను ఆ కథ ఊహ తెలిసినప్పటినుంచి ఏటా వింటున్నదాన్నే. గుడ్ ఫ్రైడేకి ఉపవాసం ఉండి, సాయంత్రం కడుపునిండా తినేదాన్ని. దాంట్లో ఒక మనిషిని నలుగురిలో నిలబెట్టి నవ్విన సంగతి ఉందని ఆ రోజే చెవికెక్కింది.

ఈమె వెంటనే మారిపోయిందని చెప్పను. మరుసటి వారాల్లో చాలా ఏడ్చింది. ఏడుపు చచ్చిపోయిన మావ కోసం. ఆయన పేరు చెప్పి ఏడ్చేది, అంతకుముందు ఆ పేరు ఎత్తేది కాదు. ఆ తర్వాత ఒక ఉదయం హాజరు పిలుస్తుంటే తలెత్తి "ఉన్నానండి" అంది. నల్లగా, కోలగా ఉండే మొహం. కళ్ళు పెద్దవి. హెడ్ వార్డర్ పుస్తకం మూసి, "ఏందే, తల లేచింది?" అంది.

"లేచిందండి."

"పొగరా?"

"కాదండి. బరువు తగ్గింది."

హెడ్ వార్డర్‌కి నచ్చలేదు. రెండు వారాలు మరుగుదొడ్లు కడిగే పని వేసింది. తల ఎత్తుకునే కడిగింది. ఆ తర్వాత అడిగి మరీ వంటశాలలో చేరింది. మొదటిరోజు తాలింపు వేస్తూ కళ్ళనీళ్ళు కారుతున్నా కదల్లేదు.

ఏళ్ళు గడిచి, ఇక విడుదల దగ్గరపడింది. నేను కూడా రిటైర్మెంట్‌కి దగ్గరలో ఉన్నాను. ఆమె మీద అభిమానంతో, పోయేలోగా ఒక మంచి పని చేయాలనుకున్నాను. చీమకుర్తి వైపు గ్రానైట్ కోసే యూనిట్లో మా చుట్టం ఒకాయన సూపర్‌వైజరు. అక్కడ కూలీలకి వండిపెట్టే మనిషి కావాలన్నాడు. కూలీలంతా ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్ళు. ఎవరు ఎవరో ఎవరికీ పట్టదు. ఉండటానికి గది, తిండి. సూపరింటెండెంట్ గారు కూడా మెచ్చుకున్నారు. నేను ఏదో సాధించినట్టు వెళ్ళి ఆమెకి చెప్పాను.

"నేనెందుకు దాక్కోవాలండి?" అంది.

"దాక్కోవడం కాదే. కొత్త జీవితం."

"ఊరు మారితే కొత్త జీవితం వస్తుందాండి? ఎవరన్నా గుర్తుపడతారేమోనని రోజూ దడుచుకుంటా బతకాల. అది పాతదే గదండి."

"మీ ఊళ్ళో నిన్ను బతకనిస్తారా?"

"తెలీదండి. మావ పోయినా అత్త బతికే ఉంది. ఆవిడకి నేను మొహం చూపించాల. ప్రభువు లేచి వేరే ఊరు పోలేదు గదండి. చంపినోళ్ళ ఊళ్ళోనే కనపడ్డాడు."

ఆయన ఆ తర్వాత గలిలయ అనే వేరే ప్రాంతానికి కూడా వెళ్ళాడు. అది నాకప్పుడు గుర్తు రాలేదు. వచ్చినా చెప్పేదాన్ని కాదు.

ఆమె అన్నకి ఫోన్ చేసి, ఫలానా శనివారం పంపుతున్నాం, వచ్చి తీసుకెళ్ళమన్నాను. ఆయన ఇప్పుడు చర్చి సంఘ పెద్దల్లో ఒకడు. అటువైపు గొంతు తగ్గించి మాట్లాడాడు. "నేను రాలేనండి. ఎట్టాగోట్టా చీకటిపడ్డాక వచ్చేటట్టు చూడండి. కరెంటు పోయే టైమైతే ఇంకా మంచిది."

ఆ మాట ఆమెకి చెప్పాను. "పగలే వస్తానని చెప్పండి" అంది.

రూల్ ప్రకారం నేను ఆమె వెంట వెళ్ళకూడదు. సెలవు పెట్టి, మామూలు చీర కట్టుకుని వెళ్ళాను. మొహం చుట్టూ కప్పుకోవడానికి ఒక శాలువా కొని తీసుకెళ్ళాను. గేటు బయట ఇస్తే, "ఎండగా ఉంది, మీరు కప్పుకోండి" అని నా భుజాన వేసింది. రైల్లో కిటికీ పక్కన కూర్చుని దారంతా బయటికి చూస్తూనే ఉంది. గుంటూరులో దిగి బస్సెక్కాం. కల్లాల సీజను. రోడ్డుకి రెండువైపులా మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. బస్సులో అందరూ తుమ్ముతున్నారు. ఆమె కూడా తుమ్మి నవ్వింది.

దిగేసరికి మిట్టమధ్యాహ్నం. బస్టాపు దగ్గర టీకొట్టు. అక్కడున్నవాళ్ళు మాటలు ఆపేశారు. పల్లెకి వెళ్ళాలంటే ఆ రైతు కల్లం పక్కనుంచే దారి. ఆయన టార్పాలిన్ పట్టా నీడన కుర్చీలో ఉన్నాడు, జుట్టు తెల్లబడింది. ఆమె ఆగి ఆయన వైపు చూసింది. తిట్టలేదు, దండం పెట్టలేదు, ఊరికే చూసింది. ఆయన సెల్‌ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అది మోగినట్టు నాకు వినపడలేదు.

పల్లె మొదట్లోనే అన్న ఎదురొచ్చాడు. చెల్లెల్ని చూసి ముందు కళ్ళు తుడుచుకున్నాడు. పాపం, ఆయనా రాయి కాదు. తర్వాత అటూఇటూ చూసి, "చెప్పాను గదమ్మా, చీకటిపడ్డాక రమ్మని" అన్నాడు.

"చీకట్లో ఒకసారి తిరిగాలే అన్నయ్యా. చాలు."

"సరే విను. రేపు బల్ల ఉన్న ఆదివారం. సంఘం నిర్ణయం చేసింది. గుడికి రావచ్చు. వెనకమాల చాప మీద కూర్చోవాలి. ఒక సంవత్సరం బల్లలో చెయ్యి వెయ్యకూడదు, రొట్టె ముట్టకూడదు. సంఘం మర్యాద ఉంది గదా."

"మర్యాదా? నన్ను కల్లంలో నిలబెట్టినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావ్. అప్పుడు సంఘం మర్యాద యాడికి పోయింది?"

ఆయన మొహం మాడిపోయింది. ఆమె గొంతు తగ్గించి, "నిన్నేం అనట్లేదులే. వెనక కూర్చోను, అంతే. ముందు అత్త దగ్గరికి పోవాల, పద" అంది.

ముసలమ్మ ఇల్లు పల్లె చివర. వాకిట్లో పీట వేసుకుని మునగాకు దూస్తోంది. సన్నగా, ఎండిన పుల్లలా ఉంది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. మా వెనక అప్పటికే పదిమంది పోగయ్యారు. ఈమె వాకిట్లోకి వెళ్ళి మట్టిలో మోకాళ్ళూనింది. తల దించలేదు. ముసలమ్మ కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"అత్తా, మావని చంపింది నేనే. ఆయన అక్కడున్నాడని తెలీదు. తెలీకపోతే మాత్రం, నిప్పు పెట్టింది నేను. క్షమించమని అడగటానికొచ్చా. క్షమించకపోతే అడగటం ఆపను. ఊరొదిలి పోను కూడా."

ముసలమ్మ మునగాకు దూయడం ఆపలేదు. కాసేపటికి, "ఎట్టా వచ్చావ్?" అంది.

"బస్సులో."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

"రాత్రిపూట వచ్చుంటే తలుపు తీసేదాన్ని కాదే. రాత్రిపూట నా ఇంటికి మీవల్ల వచ్చింది శవమే." ఆకు చాటలో వేసి అన్న వైపు తిరిగింది. "రేపు గుళ్ళో దీన్ని ఏడ కూర్చోపెడతన్నారు?"

"వెనక చాప మీద, అత్తా."

"వెనక కూర్చుంటే నాకెట్టా కనపడద్ది? నా ముందు కూర్చోపెట్టండి. ఇది ఏడుస్తదో లేదో నేను చూడాల."

అంతే. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఈమె లేచి మోకాళ్ళు దులుపుకుంది. నడవబోతూ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. దారంతా ఆమెకి భయం లేదనుకున్నాను. ఉంది. భయం ఉండే వచ్చింది.

ఆ రాత్రి అన్న ఇంట్లో నేనూ పడుకున్నాను. ఆదివారం గుడి నిండిపోయింది. వాక్యం వినడానికి అంతమంది ఎప్పుడూ రాలేదని పాస్టరుగారే తర్వాత నవ్వుతూ అన్నారు. ఆయన కుర్రవాడు, కొత్తగా వచ్చాడు, పెద్దల మాట కాదనే ధైర్యం ఇంకా రాలేదు. ఈమె ముసలమ్మకి సరిగ్గా ముందు చాప మీద కూర్చుంది. పాటలకి గొంతెత్తి పాడింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు కొంచెం జరిగి కూర్చున్నారు. జరిగిన జాగాలో నేను కూర్చున్నాను.

బల్ల సమయం, అంటే ప్రభువు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచే సమయం వచ్చింది. పాస్టరుగారు రొట్టె ఇస్తూ వస్తుంటే, అన్న పక్కనే చిన్న గ్లాసుల పళ్ళెం పట్టుకుని వస్తున్నాడు. వరసలో ఈమె దగ్గరికి వచ్చారు. ఈమె చెయ్యి చాపింది. పాస్టరుగారి చెయ్యి ఆగింది. ఆయన అన్న వైపు చూశాడు. అన్న కళ్ళతోనే వద్దన్నాడు. ఇద్దరూ ఆమెను దాటి వెనకున్న ముసలమ్మ దగ్గరికి వెళ్ళారు. ఈమె చెయ్యి అలాగే గాల్లో ఉంది. వెనక్కి తీసుకోలేదు. నేను లేచి ఏదో ఒకటి అనేద్దామనుకున్నాను. ఏం అనేదాన్నో నాకూ తెలీదు.

ముసలమ్మ రెండు చేతులూ కొంగులో పెట్టుకుంది.

"తీసుకోమ్మా" అన్నాడు పాస్టరుగారు.

"దాన్ని దాటేసి నాకిస్తే నేను తీసుకోను."

అన్న వంగి, "అత్తా, నీకోసమే గదా ఈ కట్టడి" అన్నాడు.

"నాకోసం మీరేం చేశార్రా? నా మొగుడు పోయినప్పుడు ఆ రైతు గడప తొక్కి అడిగారా ఒక్కరన్నా? ఇది ఒక్కతే వచ్చి నేనే చంపానంది. ఇయ్యండి దానికి."

పాస్టరుగారు వెనక్కి తిరిగాడు. ఈసారి అన్న వైపు చూడకుండా ఇచ్చాడు. ఈమె తీసుకుంది. అన్న పళ్ళెం పట్టుకుని చెల్లెలి ముందు నిలబడ్డాడు. గ్లాసు తీసుకునేటప్పుడు ఆమె ఏడ్చింది. ముసలమ్మ మెడ సాచి మరీ చూసి, అప్పుడు తన చెయ్యి చాపింది.

బయటికి వచ్చాక నేను ఆగలేక ముసలమ్మ చెయ్యి పట్టుకుని, "మీరు క్షమించారమ్మా, చాలా గొప్ప పని చేశారు" అన్నాను. ఆవిడ చెయ్యి విడిపించుకుంది.

"క్షమించానని ఎవరికీ చెప్పమాక. నాకింకా కాలా. అయినా ఆ బల్ల నాది కాదు, వీళ్ళదీ కాదు. పెట్టినాయన రమ్మన్నాక కాదనటానికి నేనెవర్తిని?"

పిల్లలూ, మీ ట్రైనింగులో ఖైదీల సంస్కరణ అని ఒక క్లాసు ఉంటుంది. మంచిదే, వినండి. కానీ ఖైదీ తల దించుకుని నడిస్తే దాన్ని సంస్కరణ అనుకోకండి. తప్పు ఒప్పుకోవడానికి కూడా తల ఎత్తాలి. వంచిన తలతో చెప్పే ఒప్పుకోలు నేను వేలల్లో విన్నాను. అవన్నీ మా కోసం చెప్పినవి.

తర్వాత సంగతులు కూడా చెబుతాను. సెలవులో ఖైదీ వెంట వెళ్ళానని తెలిసి సూపరింటెండెంట్ గారు పిలిచి అడిగారు. ఆదివారం చర్చికి వెళ్ళానన్నాను. "అంత దూరమా?" అన్నారు. "దగ్గర్లో దొరకలేదండి" అన్నాను. హెడ్ వార్డర్ నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు, "ముసలమ్మ ఏమందో మళ్ళీ చెప్పు" అని అడిగింది.

ఆమె ఊళ్ళోనే ఉంది. మొదటి ఏడాది చాలామంది పనికి పిలవలేదు. పత్తి తీయడానికి పక్క ఊళ్ళకి వెళ్ళేది. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీలో కాయలు గ్రేడింగు చేసే ఆడవాళ్ళకి మేస్త్రీ. వెనకనుంచి పాత పేర్లతో పిలిచేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆమె వెనక్కి తిరిగి "ఏంది?" అంటుంది. వాళ్ళకి చెప్పడానికేం ఉండదు. ఆ మధ్య ఎక్కడినుంచో సువార్త సభలు పెట్టేవాళ్ళు వచ్చి, తను ఎలా మారిందో స్టేజీ మీద సాక్ష్యం చెప్పమన్నారట. గోడల మీద పోస్టర్లు కూడా వేస్తామన్నారట. నాకు ఫోన్ చేసి చెప్పింది. "హంతకురాలు మారిందని రాస్తారంటండి. మళ్ళీ జనం మధ్యన నిలబెట్టడమే గదా అది. కావాలంటే మా గుళ్ళో, అత్త ముందర చెప్తానన్నా. ఎల్లిపోయారు." నేను ఫోన్‌లో చాలాసేపు నవ్వాను.

ముసలమ్మ ఇంకా ఉంది. క్షమించిందో లేదో నేను మళ్ళీ అడగలేదు. జ్వరం వస్తే ఈమే ఆస్పత్రికి తీసుకెళ్తుందని, దారంతా ముసలమ్మ తిడుతూనే ఉంటుందని విన్నాను.

ఆ ఆదివారం సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. ఆమె నన్ను బస్సెక్కించడానికి వచ్చింది. టీకొట్టు దగ్గర జనం మళ్ళీ మాటలాపారు. ఆమె వెళ్ళి రెండు టీలు చెప్పింది. కొట్టతను ఒక్క క్షణం ఆలోచించి, పోసి ఇచ్చాడు. తాగుతుండగా బస్సు వచ్చింది. నేను గబగబా మెట్లెక్కి, వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తా" అన్నాను. అన్నాక నాకే ఒళ్ళు ఝల్లుమంది. జైలు గేటు దగ్గర ఆ మాట ఎవరూ అనరు. మేమూ అనం, వాళ్ళూ అనరు. మళ్ళీ రావడం అనే మాటే అక్కడ అపశకునం. సర్వీసు మొత్తంలో నేను ఏ ఖైదీతోనూ అనలేదు.

ఆమె గ్లాసు పట్టుకునే దగ్గరికి వచ్చి, "రండి మేడమ్" అంది. "ఈసారి వారం ముందు చెప్పి రండి. కోడి కోస్తాను."